రహీం సాబ్ టీమ్ మనదేనా? హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు తారీఖ్



మొన్న ఇషా నమాజ్ అయ్యాక ఇంటిల్లిపాదీ కూర్చుని 'మైదాన్' సినిమా చూశాం. 2024లో వచ్చిన హిందీ సినిమా. ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్‌గా అజయ్ దేవగన్ వేశారు. సినిమా అయిపోయి అందరూ లేస్తుంటే మా చిన్నోడు అడిగాడు: "అబ్బా, ఈ సాబ్ మనోడేనా?"

"ఔను బేటా" అనబోయి ఆగాను. మనోడంటే వాడి ఉద్దేశం ఏమిటి? ముసల్మాన్ అనా? తెలుగు గడ్డ మీద పుట్టినవాడనా? శ్రీకాకుళం జిల్లాలో మనవాళ్ళం చాలా తక్కువ. కోటబొమ్మాళిలాంటి ఊళ్ళో పెరిగే పిల్లాడికి బడిలో ఒక 'మనం', ఇంట్లో ఇంకో 'మనం' ఉంటాయి. వాడు ఏ మనం గురించి అడిగాడో నాకు తెలియలేదు. "పొద్దున చెబుతాలే" అని పడుకోబెట్టాను. ఆ జవాబే ఇక్కడ రాస్తున్నాను. మీ ఇళ్ళల్లో పిల్లలు అడిగితే మీకూ పనికొస్తుంది.

ఆ సినిమా హిందుస్తాన్ టీమ్ కథ. ఆ టీమ్‌కి తల్లిలాంటి ఇంకో టీమ్ ఉంది. దాని గురించి సినిమాలో పెద్దగా లేదు, మన పాఠ్యపుస్తకాల్లో అసలే లేదు. ఆ టీమ్ పేరు హైదరాబాద్ సిటీ పోలీస్.

నౌకరీ పోలీసుది, పని బంతిది

ముందు ఒక మాట స్పష్టంగా చెప్పుకుందాం. ఇవాళ ప్రొఫెషనల్ టీమ్ అంటే వేలంపాట, కోట్ల కాంట్రాక్టులు, జెర్సీ నిండా కంపెనీల పేర్లు. 1950ల్లో మన దేశంలో ఫుట్‌బాల్‌కి అలాంటి ఇంతెజామ్ లేదు. ఆటగాడికి కాంట్రాక్ట్ ఉండేది కాదు, నౌకరీ ఉండేది. రైల్వేలో, ఫౌజులో, పోలీసులో ఉద్యోగం ఇచ్చి ఆడించేవారు. తన్ఖా తక్కువే. కానీ నెలనెలా వచ్చేది, రిటైరయ్యాక పెన్షన్ ఉండేది. గరీబు ఇంటి కుర్రాడికి అదే పెద్ద సహారా. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ అలా కట్టిన టీమే.

హైదరాబాద్‌కి ఫుట్‌బాల్ సికిందరాబాద్ ఛావనీ మీదుగా వచ్చింది. అంగ్రేజ్ సిపాయీలు ఆడుతుంటే బొల్లారం, అమ్ముగూడ లాంటి బస్తీల పిల్లలు గట్టు మీద నిలబడి చూశారు, తర్వాత దిగి ఆడారు. పాత షహర్‌లో బడులు, కాలేజీలు ఆ ఆటని పట్టుకున్నాయి.

ఆ బడుల్లోంచే రహీం సాబ్ వచ్చారు. 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదివారు, యూనివర్సిటీ టీమ్‌లో ఆడారు. తర్వాత టీచర్ అయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూల్ లాంటి బడుల్లో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకున్నారు. నేనూ ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణే. హిందుస్తాన్ ఫుట్‌బాల్‌ని నిలబెట్టిన మనిషి మన ఉర్దూ బడుల మాస్టారేనని బడిలో ఉండగా నాకెవరూ చెప్పలేదు. పెద్దయ్యాక నౌకరీలో పడి అక్కడా ఇక్కడా చదివి తెలుసుకున్నాను.

1943 నుంచి ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ. 1950లో సిటీ పోలీస్ టీమ్ కోచ్ అయ్యారు. అక్కణ్ణుంచి చివరి శ్వాస దాకా ఆ రెండు పనులూ వదల్లేదు.

1950: తల ఎత్తిన సంవత్సరం

1950 అంటే ఏ వక్త్‌లో ఉన్నామో గుర్తుచేసుకోండి. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగింది. అయిదు రోజుల్లో నిజాం రియాసత్ ముగిసింది. ఆ తర్వాతి రోజుల్లో జిల్లాల్లో జరిగిన ఖూన్‌ఖరాబాని సుందర్‌లాల్ కమిటీ తన రిపోర్టులో రాసింది. మృతుల అంచనా వేలల్లో ఉంది. అటు రజాకార్లు చేసిన జుల్మ్ ఎంత నిజమో, ఇటు ఆ తర్వాత బేగునాహ్ జనం మీద పడిన ఆఫత్ కూడా అంతే నిజం. ఎన్నో ఖాందాన్లు చెదిరిపోయాయి, కొందరు పాకిస్తాన్ వెళ్ళిపోయారు. నౌకరీలు పోయినవాళ్ళున్నారు. హైదరాబాద్ అనే పేరే కొందరికి అనుమానంగా వినబడే రోజులవి.

అలాంటి రోజుల్లో, రెండేళ్ళు నిండాయో లేదో, ఛాతీ మీద హైదరాబాద్ పేరుతో ఒక పోలీస్ టీమ్ బొంబాయి వెళ్ళింది. రోవర్స్ కప్ ఆడింది. గెలిచింది.

రోవర్స్ కప్ చిన్నది కాదు. 1891లో మొదలైన టోర్నమెంట్ అది. తొలి రోజుల్లో అంగ్రేజ్ పల్టన్లదే రాజ్యం. 1937లో బెంగళూరు ముస్లిమ్స్ టీమ్ గెలిచేదాకా ఒక్క దేశీ జట్టు కూడా ఆ కప్పు ఎత్తలేదు. అంతకన్నా పాతది డ్యూరాండ్ కప్, 1888 నాటిది. 1940లో కలకత్తా మొహమ్మడన్ స్పోర్టింగ్ దాన్ని గెలిచిన తొలి దేశీ టీమ్ అయింది. ఆ తర్వాత జంగ్ వచ్చింది, బట్వారా వచ్చింది, డ్యూరాండ్ ఆగిపోయింది. పదేళ్ళకి, 1950లో ఢిల్లీలో మళ్ళీ మొదలుపెట్టారు. ఆజాద్ దేశంలో జరిగిన ఆ తొలి డ్యూరాండ్‌ని గెలిచింది ఎవరు? మోహన్ బగాన్‌ని ఓడించి హైదరాబాద్ సిటీ పోలీస్.

ఒకే సీజన్‌లో రోవర్స్, డ్యూరాండ్ రెండూ. టీమ్ నిండా కానిస్టేబుళ్ళు, కోచ్ బడి పంతులు.

నేను దీన్ని మతం గెలుపని అనను. ఆ జట్టులో ముస్లిం కుర్రాళ్ళు ఎక్కువే, కానీ వాళ్ళొక్కరే కాదు. రియాసత్ పోయింది, హుకూమత్ మారింది, సియాసత్ తలకిందులైంది. కానీ హునర్ ఎక్కడికీ పోలేదు. మాటల్లో ఎవరూ ఇవ్వని ఇజ్జత్‌ని ఆ కుర్రాళ్ళు మైదానంలో సంపాదించుకున్నారు. నాకు అర్థమైనంత వరకు 1950 కామ్యాబీ అసలు మతలబ్ అది.

1951 నుంచి 1954 దాకా: అయిదుకి అయిదు

1951లో మళ్ళీ రోవర్స్. 1952లో మళ్ళీ. 1953లోనూ, 1954లోనూ. మొత్తం వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్ హైదరాబాద్ రైలెక్కింది. 2000-01 సీజన్‌తో ఆ టోర్నమెంట్ ఆగిపోయేదాకా అలా అయిదేళ్ళు వరసగా ఇంకెవరూ గెలవలేకపోయారు. 1954లో డ్యూరాండ్ కూడా వచ్చింది, అంటే రెండోసారి డబుల్.

ఇది కిస్మత్‌తో జరిగే పని కాదు. మరెలా జరిగింది?

రహీం సాబ్ తరీకా ఏమిటో చూస్తే అర్థమవుతుంది. ఆయన టీచర్. టీచర్ ఆలోచన టీచర్‌దే. పిల్లాడికి ఒక లెక్క రాకపోతే ఆ లెక్కే పదిసార్లు చేయిస్తాడు. కుర్రాళ్ళందరూ కుడికాలితోనే కొడుతున్నారని గమనించి, బలహీనమైన కాలితోనే ఆడాలనే షరతు పెట్టి టోర్నమెంట్లు నడిపించారు. బంతి కాళ్ళ దగ్గరే పెట్టుకుని ఒక్కడే పరిగెత్తే ఆదత్ పోగొట్టడానికి, డ్రిబ్లింగ్ లేని టోర్నమెంట్ పెట్టారు. అందులో బంతి వచ్చిందా, వెంటనే పక్కవాడికి పాస్ ఇచ్చేయాలి. ఎత్తు తక్కువున్న చిన్న పిల్లలకి వేరే పోటీలు పెట్టారు. మైదానంలో పదకొండు మందీ ఒకే దిమాగ్‌తో ఆలోచించాలని ఆయన మొండిపట్టు.

1953లో హంగరీ టీమ్ లండన్ వెళ్ళి ఇంగ్లండ్‌ని 6-3తో ఓడించింది. వాళ్ళ సెంటర్ ఫార్వర్డ్ ముందు నిలబడకుండా వెనక్కి వచ్చి ఆడాడు, ఇంగ్లండ్ డిఫెన్స్‌కి ఎవర్ని పట్టుకోవాలో తెలియలేదు. ఆ ఎత్తుగడని రహీం సాబ్ ఇక్కడ మన కుర్రాళ్ళకి నేర్పారు. 1958లో బ్రెజిల్ ప్రపంచకప్‌లో చూపించిన 4-2-4 పద్ధతి వైపు కూడా ఆయన అంతకు ముందే అడుగులేశారని ఆట తారీఖ్ రాసినవాళ్ళు చెబుతారు. టీవీ లేదు, వీడియో లేదు. చదివి, విని, ఆలోచించి, మట్టి మైదానంలో చేయించి చూసేవారు.

ఈ దౌర్‌లోనే హిందుస్తాన్ టీమ్ కూడా ఆయన చేతికి వచ్చింది. 1951లో ఢిల్లీలో తొలి ఏషియన్ గేమ్స్. ఫైనల్లో మేవాలాల్ కొట్టిన ఒక్క గోల్‌తో ఇరాన్‌ని ఓడించి మనం గోల్డ్ గెలిచాం. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యాం. చలిలో కొందరు మనవాళ్ళు చెప్పుల్లేని కాళ్ళతోనే ఆడారు. ఆ షికస్త్ తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఇంకొకరైతే పది గోళ్ళ నామోషీ తర్వాత ముఖం చాటేసేవారు. ఈయన హైదరాబాద్ తిరిగొచ్చి పొద్దున్నే మళ్ళీ మైదానానికి వెళ్ళారు. ఆ సంవత్సరం కూడా రోవర్స్ మనదే.

1955 నుంచి 1957 దాకా: విరామం, మెల్బోర్న్, వాపసీ

1955లో వరస తెగింది. రోవర్స్ మోహన్ బగాన్ తీసుకెళ్ళింది. 1956లో మొహమ్మడన్ స్పోర్టింగ్ గెలిచింది. సిటీ పోలీస్ పని అయిపోయిందని అనుకున్నవాళ్ళు ఉండే ఉంటారు.

కానీ 1956 నవంబర్ 1న ఇంకో సంగతి జరిగింది. అప్పటిదాకా మా శ్రీకాకుళం జిల్లా ఆంధ్ర రాష్ట్రంలో, అంతకు ముందు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. హైదరాబాద్ వేరే రాష్ట్రం. 1950లో డ్యూరాండ్ గెలిచినప్పుడు కోటబొమ్మాళిలో ఎవరికైనా ఆ ఖబర్ అందినా, అది పరాయి ఊరి ఖబరే. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆ రోజు నుంచి 2014 దాకా కోటబొమ్మాళి, హైదరాబాద్ ఒకే రాష్ట్రంలో ఉన్నాయి.

సరిగ్గా నెలకి, డిసెంబర్ 1న, మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మన టీమ్ ఆస్ట్రేలియాని వాళ్ళ దేశంలోనే 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్‌కి చేరిన తొలి ఏషియా దేశం మనదే. ఆ టీమ్‌కి కోచ్ రహీం సాబ్. అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికారుద్దీన్, తులసీదాస్ బలరామ్ లాంటి హైదరాబాద్, సికిందరాబాద్ కుర్రాళ్ళు అందులో ఉన్నారు. సెమీఫైనల్లో యుగోస్లావియా మీద ముందు గోల్ మనదే. చివరికి 4-1తో ఓడాం. మూడో స్థానం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగో స్థానంలో నిలిచాం. నాలుగేళ్ళ కిందట పది గోళ్ళు తిన్న టీమ్ నాలుగో స్థానానికి వచ్చింది. ఆ తర్వాత ఈనాటిదాకా ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మనం అంత దూరం వెళ్ళలేదు.

బలరామ్ సంగతి విడిగా చెప్పాలి. అమ్ముగూడ కుర్రాడు, గరీబు ఇల్లు. ప్రాక్టీస్‌కి అంత దూరం రావడానికి డబ్బుల్లేవంటే, కిరాయి సైకిల్ కోసం రోజుకో రూపాయి రహీం సాబ్ తన జేబులోంచి ఇచ్చారట. బలరామ్ ఈ సంగతి చివరిదాకా చెప్పుకునేవారు. మెల్బోర్న్, రోమ్ రెండు ఒలింపిక్స్ ఆడారు, అర్జున అవార్డు తీసుకున్నారు. 2023 ఫిబ్రవరిలో కాలం చేశారు. ఇక్కడ ఉస్తాద్ పేరు రహీం, శాగిర్ద్ పేరు తులసీదాస్. మధ్యలో ఒక్క రూపాయి, ఒక కిరాయి సైకిల్. మా చిన్నోడికి 'మనోడు' అనే మాట అర్థం చెప్పాలంటే ఇంతకంటే మంచి మిసాల్ నాకు దొరకలేదు.

మెల్బోర్న్ నుంచి వచ్చాక హైదరాబాద్ 1956-57లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1957-58లో మళ్ళీ గెలిచింది. 1957లోనే సిటీ పోలీస్ రోవర్స్, డ్యూరాండ్ రెండూ తెచ్చింది. మూడో డబుల్. వీళ్ళ పని అయిపోయిందన్నవాళ్ళకి జవాబు దొరికింది.

1960 నుంచి 1963 దాకా: పేరు మారింది, ఉస్తాద్ పోయారు

కొత్త రాష్ట్రం వచ్చాక టీమ్ పేరు కూడా మారి ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. హైదరాబాద్ పేరు పోయిందని అక్కడి పాతవాళ్ళకి బాధ కలిగి ఉండొచ్చు. మా వైపు నుంచి చూస్తే మాత్రం, ఆ జట్టులో అధికారికంగా మాకూ హిస్సా వచ్చింది అప్పుడే.

1960లో ఆ పేరుతో రోవర్స్ గెలిచారు. 1961లో డ్యూరాండ్, అది నాలుగోసారి. 1962లో ఈస్ట్ బెంగాల్‌తో కలిసి రోవర్స్ పంచుకున్నారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌ని 1-1తో నిలువరించిన హిందుస్తాన్ టీమ్‌లోనూ హైదరాబాద్ కుర్రాళ్ళు ఉన్నారు. రహీం సాబ్ సాహెబ్‌జాదా సయ్యద్ షాహిద్ హకీం కూడా ఆ ఒలింపిక్ జట్టు సభ్యులే. ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ టీమ్ ఆడడం అదే ఆఖరు.

అప్పటికే రహీం సాబ్‌కి కేన్సర్. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌కి ఆ బీమారీతోనే వెళ్ళారు. అక్కడ హవా మనకి పూర్తిగా ఖిలాఫ్. ఇజ్రాయెల్, తైవాన్ దేశాల్ని ఆటలకి రానివ్వలేదని మన దేశపు అధికారి ఒకరు అభ్యంతరం చెప్పడంతో అక్కడి జనం హిందుస్తాన్ మీద మండిపడుతున్నారు. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. తర్వాత థాయ్‌లాండ్, జపాన్, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద గెలిచాం. ఫైనల్లో మళ్ళీ అదే కొరియా.

డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి కుట్లు పడి ఉన్నాయి. బంతిని అడ్డుకోవడానికి తల వాడలేని మనిషిని ఏం చేయాలి? రహీం సాబ్ ఆయన్ని సెమీఫైనల్ నుంచే ముందుకి పంపి ఫార్వర్డ్‌గా ఆడించారు. 1962 సెప్టెంబర్ 4న జరిగిన ఫైనల్లో పీకే బెనర్జీ ఒక గోల్, ఆ జర్నైల్ సింగే ఇంకో గోల్ కొట్టారు. 2-1తో గోల్డ్ మనది. ఆ టీమ్‌లో ఆంధ్ర పోలీస్ నుంచి యూసుఫ్ ఖాన్ ఉన్నారు. ఫైనల్‌కి ముందు రాత్రి రహీం సాబ్ కుర్రాళ్ళని కూర్చోబెట్టి నాకొక తోహ్ఫా కావాలని అడిగారంటారు. వాళ్ళు ఇచ్చారు.

తొమ్మిది నెలలకి, 1963 జూన్ 11న, రహీం సాబ్ ఇంతెఖాల్ అయ్యారు. వయసు 53. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

ఆ 1963లోనే ఆంధ్ర పోలీస్ మరోసారి రోవర్స్ గెలిచింది. అది తొమ్మిదోది. అదే ఆఖరుది కూడా.

హౌరా రైలు

1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. అది ఉస్తాద్ నాటిన చెట్టుకి కాసిన చివరి పెద్ద ఫలం. ఆ తర్వాత కప్పులు ఆగిపోయాయి. ఆటగాళ్ళు మాత్రం ఆగలేదు, ఊరు మారారు.

కలకత్తా పెద్ద క్లబ్బులు డబ్బు ఇచ్చేవి. పోలీస్ కానిస్టేబుల్ తన్ఖాకీ, కలకత్తా క్లబ్బు ఇచ్చేదానికీ పోలిక లేదు. బలరామ్ 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళారు. 1966లో సయ్యద్ నయీముద్దీన్, మొహమ్మద్ హబీబ్ అదే క్లబ్బుకి వెళ్ళారు. హైదరాబాద్ నుంచి హౌరాకి వెళ్ళే రైలు దారి మా కోటబొమ్మాళి స్టేషన్ మీదుగానే. మేము పట్టాల పక్కన నిలబడి చూసే ఆ బళ్ళలోనే మన ఆట మొత్తం తూర్పుకి వెళ్ళిపోయిందని తలుచుకుంటే మనసు అదోలా అవుతుంది.

వాళ్ళని తప్పు పట్టలేం. హబీబ్ ఏమీ ఖాళీ చేతులతో తిరగలేదు. బెంగాల్ ఆయన్ని 'బడే మియా' అని నెత్తిన పెట్టుకుంది. 1977లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ కలకత్తా వస్తే, మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన ఇద్దరిలో ఒకరు మన హబీబ్. మ్యాచ్ 2-2. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో నయీముద్దీన్ కెప్టెన్‌గా మనం కాంస్యం గెలిచాం, హబీబ్ కూడా ఆ టీమ్‌లో ఉన్నారు. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మన దేశానికి అదే చివరి మెడల్. హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో కన్నుమూశారు. అల్లాహ్ మగ్ఫిరత్ ప్రసాదించుగాక.

కానీ ఒక సవాల్ ఉంది. ఆటగాళ్ళు 1957లోనూ వెళ్ళారు, ఆ తర్వాతా వెళ్ళారు. అప్పుడు పడిపోని టీమ్ తర్వాత ఎందుకు పడిపోయింది? రహీం సాబ్ ఉన్నప్పుడు ఒకడు రైలెక్కితే, ఆ చోటుకి ఇంకొకడు తయారుగా ఉండేవాడు. బస్తీల్లో పిల్లల టోర్నమెంట్లు నడుస్తుండేవి, కింద నుంచి కొత్త కాళ్ళు వస్తూ ఉండేవి. ఆయన పోయాక ఆ తయారీ పని అదే లగన్‌తో ఎవరూ నెత్తినేసుకోలేదు. పోలీస్ టీమ్ ఉంది, మైదానం ఉంది, పేరు ఉంది. ఉస్తాద్-శాగిర్ద్ సిల్‌సిలా తెగింది. అది తెగాక మిగిలినవి ఎన్ని ఉన్నా టీమ్ నిలబడదు.

డబ్బుతో వచ్చిన టీమ్

ఇది నా ఒక్కడి భావుకత అనుకోకండి. మన కళ్ళముందు జరిగిన ఇంకో కథ చూడండి.

2019 ఆగస్టులో ఇండియన్ సూపర్ లీగ్‌లోకి హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. పూణే క్లబ్బు మూతపడితే ఆ చోటులో పుట్టిన టీమ్ ఇది. అసలైన ప్రొఫెషనల్ టీమ్, కాంట్రాక్టులు, విదేశీ కోచ్, విదేశీ ఆటగాళ్ళు. మొదటి సీజన్ 2019-20లో పది టీముల్లో పదో స్థానం. 2020-21లో మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చారు, అయిదో స్థానం. 2021-22లో ఏకంగా ఛాంపియన్. నైజీరియా ఫార్వర్డ్ ఒగ్బెచే ఆ సీజన్‌లో 18 గోళ్ళు కొట్టారు. 2022 మార్చి 20న గోవాలో ఫైనల్, కేరళ బ్లాస్టర్స్‌తో 1-1. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపారు, 3-1తో కప్పు మనది.

కోవిడ్ వల్ల ఆ రెండు సీజన్లూ మొత్తం గోవాలోనే నడిచాయి. అంటే హైదరాబాద్ పేరున్న టీమ్ ఛాంపియన్ అయిన సంవత్సరం హైదరాబాద్‌లో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదు. టీమ్‌లో మన గల్లీల కుర్రాళ్ళూ చాలా తక్కువ. అయినా సంతోషించాం. 2022-23లో లీగ్‌లో రెండో స్థానం.

తర్వాత డబ్బు ఆగింది. జీతాలు అందలేదన్న ఖబర్లు వచ్చాయి, ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. 2023-24లో 22 మ్యాచులు ఆడి ఒక్కటే గెలిచి అట్టడుగున నిలిచింది. 2025లో ఆ టీమ్ పేరు, ఊరు రెండూ మార్చుకుని ఢిల్లీ వెళ్ళిపోయింది. ఆరేళ్ళ కథ.

నేను డబ్బుకి దుష్మన్ కాదు. ఆటగాడికి మంచి తన్ఖా రావాలి, హబీబ్ లాంటివాళ్ళు ఊరు వదిలి వెళ్ళాల్సిన మజ్బూరీ ఉండకూడదు. కానీ లెక్క చూడండి. డబ్బు మీద నిలబడిన టీమ్ ఒక కప్పు గెలిచి ఆరేళ్ళకి పోయింది. రోజుకో రూపాయి సైకిల్ కిరాయి మీద నిలబడిన టీమ్ 1950 నుంచి 1963 మధ్య తొమ్మిది రోవర్స్, నాలుగు డ్యూరాండ్‌లు గెలిచింది. కొన్న టీమ్‌ని కొన్నవాడు ఎప్పుడైనా ఎక్కడికైనా పట్టుకుపోతాడు. పెంచిన టీమ్‌ని ఎవరూ పట్టుకుపోలేరు. కానీ పెంచడం మానేస్తే అదీ మిగలదు.

మా చిన్నోడికి జవాబు

కోచ్‌లకి ఇచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో మొదలైంది. అప్పటికి రహీం సాబ్ పోయి 22 ఏళ్ళు. ఆయన కథ పెద్ద తెర మీదికి రావడానికి 61 ఏళ్ళు పట్టింది. ఇంతకాలం ఆయన్ని మరిచింది ఎవరు? సర్కారు మరిచిందని అనడం తేలిక. ఆ తప్పు ఉంది కూడా. కానీ మన ఇళ్ళల్లో ఎంతమందికి ఆ పేరు తెలుసు? జల్సాల్లో మన పాత అజ్మత్ గురించి ఉపన్యాసాలు వింటాం, నవాబుల హవేలీల గురించి, నగల గురించి చెప్పుకుంటాం. ఒక ఉర్దూ బడి మాస్టారు పేదింటి పిల్లల్ని ఏషియా ఛాంపియన్లని చేసిన సంగతి చెప్పుకోం. నా దృష్టిలో హవేలీల కంటే అదే పెద్ద విరాసత్.

ఇంకొకటి కూడా ఉంది. మన ఇళ్ళల్లో పిల్లాడు బంతి పట్టుకుంటే "చదువు పాడవుతుంది" అంటాం. ఆడపిల్ల పట్టుకుంటే ఆ మాట కూడా అనకుండా లాగేసుకుంటాం. రహీం సాబ్ యూనివర్సిటీలో చదివారు, బడిలో పాఠం చెప్పారు, మైదానంలో ఆట నేర్పారు. తాలీమ్ ఒక వైపు, ఆట ఒక వైపు అని ఆయన గోడ కట్టుకోలేదు. బలహీనమైన కాలితో ఆడి చూడమన్నది మైదానానికే కాదు, మనందరికీ పనికొచ్చే తర్బియత్.

పొద్దున ఫజర్ అయ్యాక మా చిన్నోణ్ణి పిలిచి చెప్పాను. "బేటా, రహీం సాబ్ మనోడే. ముసల్మాన్ కాబట్టి మనోడే, మన రాష్ట్రం పేరుతో ఆడిన టీమ్‌కి ఉస్తాద్ కాబట్టి మనోడే. కానీ అమ్ముగూడ బలరామ్‌కి కూడా ఆయన అంతే సొంతం. తలకి కుట్లున్న జర్నైల్ సింగ్‌కీ అంతే. ఎవరు ఆయన దగ్గర నేర్చుకుంటే వాళ్ళకి ఆయన మనోడే."

వాడు కాసేపు ఆలోచించి, "అయితే మనం నేర్చుకోకపోతే మనోడు కాదా?" అన్నాడు.

నేను జవాబు చెప్పేలోపే బంతి తీసుకుని బయటికి పోయాడు. గుమ్మం దగ్గర నిలబడి చూశాను. కాసేపు కుడికాలితో కొట్టాడు. తర్వాత ఎడమకాలితో ప్రయత్నించాడు. బంతి వెళ్ళి పక్కింటి పెరట్లో పడింది. పక్కింటి పిన్ని కేకలేసింది. వాడు తెచ్చుకుని మళ్ళీ ఎడమకాలితోనే కొట్టాడు.

అల్లాహ్ రహీం సాబ్‌కి జన్నతుల్ ఫిర్దౌస్‌లో చోటివ్వాలి, మన పిల్లలకి అలాంటి ఉస్తాదుల్ని ఇవ్వాలి. ఆమీన్.